బుడమేరు పక్కన స్థలం కొనొచ్చా? అసలు ముంపు మ్యాప్ ఎలా గీస్తారో చెప్తాను

2024 సెప్టెంబర్ వరద తర్వాత బెజవాడలో నాకు తెలిసినవాళ్ళందరూ అడిగే ప్రశ్న ఒక్కటే, ఫలానా చోట స్థలం చూశాం, అక్కడికి నీళ్ళొస్తాయా రావా అని. నేను వరద లెక్కల పని చేస్తానని తెలుసు కాబట్టి నన్ను అడుగుతారు, ఒక్క ముక్కలో చెప్పేస్తానని ఆశ. అడిగేవాళ్ళ దగ్గర అప్పటికే ఏదో ఒక ధైర్యం ఉంటుంది, "2005 వరదలో కూడా అటు రాలేదంట అక్కా", "అమ్మేవాళ్ళు మట్టి తోలి మెరక చేసి ఇస్తామన్నారు", "వాగు అరకిలోమీటరు దూరంలో ఉంది కదా". ఈ మూడింట్లో ఏదీ నాకు పనికొచ్చే సమాచారం కాదు. వాగుకి ఎంత దూరంలో ఉన్నామనే దానికన్నా వాగు పొంగినప్పుడు వచ్చే నీటి మట్టానికి ఎంత పైన ఉన్నామనేది కావాలి, ఆ మట్టం ఎంతో ఎవరో లెక్కగట్టి కాగితం మీద పెట్టి ఉండాలి. ఆ కాగితమే ముంపు మ్యాప్. అది ఎలా తయారవుతుందో తెలిస్తే మనం ఎవరిని ఏం అడగాలో కూడా తెలుస్తుందని ఈ పోస్ట్ రాస్తున్నాను. పెద్దదే, ఓపికుంటే చదవండి.

ముందు బుడమేరు సంగతి రెండు మాటల్లో. మైలవరం, కొండపల్లి వైపు కొండల్లో పుట్టి, చిన్న చిన్న వాగుల్ని కలుపుకుంటూ వచ్చి, బెజవాడ ఉత్తరం పక్కనుంచి పోయి చివరికి కొల్లేట్లో కలుస్తుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, వరద నీళ్ళు ఊరిమీదకి రాకుండా డైవర్షన్ కాలవ తవ్వి కృష్ణలోకి, ప్రకాశం బ్యారేజీకి పైన, కలిపారు. ఆ కాలవ మోయగలిగేది 15,000 క్యూసెక్కుల ప్రాంతం. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 వానలకి అంతకి రెట్టింపు పైనే వచ్చింది, డైవర్షన్ కాలవ ఎడమ గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి, సింగ్ నగర్, వాంబే కాలనీ, రాజరాజేశ్వరి పేట, పాయకాపురం, కండ్రిక అన్నీ రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. గండ్లు పూడ్చడానికి ఆర్మీ కూడా రావాల్సి వచ్చింది. అదే సమయంలో కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నడుస్తోంది, బ్యారేజీ కట్టాక ఎప్పుడూ చూడనంత. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పనుంది.

ఇప్పుడు పని ఎలా మొదలవుతుందంటే, మొదటి ప్రశ్న: ఎన్ని నీళ్ళు వస్తాయి?

దీనికి ముందు వాగుకి నీళ్ళిచ్చే నేల ఎంతో గీయాలి, ఎక్కడ పడ్డ చినుకు ఈ వాగులోకొస్తుంది, ఎక్కడ పడ్డది పక్క వాగులోకి పోతుంది అని. దాన్నే క్యాచ్‌మెంట్ అంటాం. పాతరోజుల్లో సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ టేబుల్ మీద పరిచి కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) చూసుకుంటూ పెన్సిల్‌తో గీసేవాళ్ళు, ఇప్పుడు ఉపగ్రహాల నుంచి వచ్చిన ఎత్తుల డేటా కంప్యూటర్‌లో వేస్తే అదే గీసి ఇస్తుంది. 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ భూమ్మీద చాలావరకు నేలని రాడార్‌తో కొలిచిన డేటా ఫ్రీగా దొరుకుతుంది, మన ఇస్రో కార్టోశాట్ ఉపగ్రహాల డేటా వాళ్ళ భువన్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. కొండల్లో వీటితో బాగానే పనవుతుంది. డెల్టాలోకి వచ్చేసరికి మాత్రం నాకు భయం, ఎందుకంటే ఈ డేటా చాలాసార్లు నేలని కాకుండా చెట్టు కొమ్మల్ని, ఇంటి డాబాల్ని కొలుస్తుంది, పొరపాటు కొన్ని మీటర్లదాకా ఉంటుంది, మన దగ్గరేమో కిలోమీటరు నడిచినా నేల అర మీటరు దిగదు. అలాంటి చోట ఉచితంగా దొరికిన డేటా వేసి రంగురంగుల మ్యాప్ చేసి చూపిస్తే చూడ్డానికి బాగుంటుంది, అందులో ఏ వీధి మునుగుతుందో నమ్మడానికి లేదు. లైడార్ అని విమానం నుంచో డ్రోన్ నుంచో లేజర్‌తో కొలిచేది ఉంది, సరిగ్గా చేస్తే పదీ పదిహేను సెంటీమీటర్ల తేడాలో నేల ఎత్తు ఇస్తుంది, డబ్బు ఖర్చే గానీ ఊళ్ళ దగ్గర అది తప్ప దారి లేదని నా గట్టి అభిప్రాయం.

తర్వాత వాన. పెద్ద నదులకి సీడబ్ల్యూసీ (కేంద్ర జల సంఘం) వాళ్ళ గేజ్ స్టేషన్లుంటాయి, అంటే నీటి మట్టం, ప్రవాహం కొలిచే చోట్లు, దశాబ్దాల ప్రవాహం రికార్డు దొరుకుతుంది. చిన్న వాగులకి చాలావాటికి ఏ కొలతా ఉండదు. కాబట్టి వానల రికార్డు తీసుకుని అక్కణ్ణుంచి ప్రవాహం లెక్కగడతాం. ప్రతి సంవత్సరం ఒక్కరోజులో పడ్డ అతి పెద్ద వాన ఎంతో వరసగా రాసుకుని, గంబెల్ పద్ధతిలాంటి స్టాటిస్టిక్స్ పెట్టి, ఏ సంవత్సరమైనా అంతకు మించిన వాన పడటానికి నూటికి ఒక వంతు మాత్రమే అవకాశమున్న వాన ఎంతో తేలుస్తాం. దాన్నే హండ్రెడ్ ఇయర్ అంటారు, జనం దీన్ని వందేళ్ళకోసారి వస్తుంది అనుకుని మొన్నేగా వచ్చింది ఇంక మన జీవితంలో రాదు అని ధీమాగా ఉంటారు. అలా కాదండీ. ప్రతి సంవత్సరం విడిగా 1 శాతం ఛాన్స్, నిన్న వచ్చినా వచ్చే ఏడూ అంతే. మీరు ఇరవై ఏళ్ళ హోమ్ లోన్ తీసుకుంటే, ఆ లోన్ తీరేలోపు హండ్రెడ్ ఇయర్ వరద ఒక్కసారైనా వచ్చే అవకాశం 18 శాతం. అదే పాతికేళ్ళ వరద (ఏటా 4 శాతం ఛాన్స్) ముంపులో స్థలం ఉంటే 56 శాతం, అంటే రాకపోవడం కన్నా రావడానికే ఎక్కువ ఛాన్స్. బ్యాంకులో ఈఎంఐ టేబుల్ ఇచ్చేటప్పుడు ఈ లెక్క కూడా ఇస్తే ఎంత బాగుంటుందో.

ఇందులో ఒక ఇబ్బంది దాచకుండా చెప్పాలి. మన చేతిలో ఉన్నది ముప్పై నలభై ఏళ్ళ వాన రికార్డు, దాన్నుంచి వందేళ్ళది ఊహిస్తున్నాం. పైగా పాత వానలు రేపటి వానలకి కొలమానం అనే నమ్మకం మీద మొత్తం నడుస్తుంది, ఇప్పుడు వానలు పడే తీరు మారుతుంటే ఆ నమ్మకం సడలుతోంది. అందుకే మంచి ఇంజనీరు ఒక్క అంకె ఇవ్వడు, ఇంతనుంచి ఇంతదాకా అని ఇస్తాడు. ఒక్క అంకె అడిగేవాళ్ళే ఎక్కువ, అది వేరే బాధ.

వాన తెలిశాక అందులో ఎంత ఇంకుతుంది, ఎంత పారుతుంది, ఎంతసేపట్లో పారుతుంది అనేది. దీనికి రకరకాల దారులున్నాయి. అన్నిటికన్నా పాతవి ఒక్క లైన్ ఫార్ములాలు, మద్రాసు ప్రాంతానికి రైవ్స్ ఫార్ములా, హైదరాబాద్ సంస్థానంలో చీఫ్ ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ దక్కను నేలకి కట్టిన ఫార్ములా (తెలంగాణలో ఇంజనీర్స్ డే ఆయన పుట్టినరోజే, జులై 11), వీటిలో క్యాచ్‌మెంట్ వైశాల్యం వేస్తే వరద వచ్చేస్తుంది. ఇప్పటికీ కల్వర్టులకి వాడతారు. వాటికన్నా నమ్మకమైంది యూనిట్ హైడ్రోగ్రాఫ్, 1932లో షెర్మన్ అనే అమెరికా ఇంజనీరు చెప్పాడు, ఒక సెంటీమీటరు వాన పారితే వాగులో గంటగంటకీ ప్రవాహం ఎలా పెరిగి ఎలా తగ్గుతుందో తెలిస్తే దాన్ని బట్టి ఎంత వానకైనా కట్టొచ్చు అని. మన సీడబ్ల్యూసీ దేశాన్ని 26 సబ్‌జోన్లుగా విడగొట్టి, గేజ్ లేని వాగులకి ఈ హైడ్రోగ్రాఫ్ ఎలా తయారుచేసుకోవాలో పుస్తకాలు వేసింది, అవి మాకు రోజూ చేతిలో ఉండేవి. ఊరు పెరిగి నేలంతా సిమెంట్ అయితే ఇంకేది తగ్గుతుంది, పైగా నీళ్ళు త్వరగా చేరతాయి, అంటే అదే వానకి వరద శిఖరం ముందుగానే వస్తుంది, ఎత్తూ పెరుగుతుంది. 1990లో చేసిన లెక్క 2025లో పనికిరాదు అనడానికి ఇది చాలు.

రెండో ప్రశ్న, వచ్చిన నీళ్ళు ఎంత ఎత్తుకి లేస్తాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, ఎందుకంటే ఇది ఆఫీసులో అవ్వదు, వాగులో దిగాలి.

వాగు పొడుగునా ప్రతి వంద, రెండొందల మీటర్లకి అడ్డంగా ఒక క్రాస్ సెక్షన్ తీస్తారు. ఈ పక్క మెరక నుంచి మొదలుపెట్టి, పొలం, గట్టు, గట్టు దిగుడు, నీళ్ళ అడుగు, మళ్ళీ అటు గట్టు, అటు పొలం, అటు మెరక. స్టాఫ్ (ఎత్తు కొలిచే అంకెల కర్ర) పట్టుకునే మనిషి నడుము లోతు నీళ్ళలో, గుర్రపుడెక్క పక్కకి నెట్టుకుంటూ, కాలు బురదలో దిగబడిపోతుంటే కర్ర నిటారుగా పట్టుకోవాలి. గట్టు మీదనుంచి చూసేవాళ్ళు "ఒకటి ఎనిమిది నాలుగు సున్నా" అని అరిస్తే ఇంకొకళ్ళు పుస్తకంలో రాసుకోవాలి. కర్ర కింద మెత్తటి ఒండులోకి జానెడు దిగిపోయినా తెలీదు, అందుకని దాని అడుక్కి ఒక పలక కట్టిస్తాను. తుమ్మ కంప గీరుకుంటుంది, పాములుంటాయి, మధ్యాహ్నం దాటాక ఎవరికీ అటు మెరకదాకా నడవబుద్ధి కాదు. సరిగ్గా అక్కడే మ్యాప్ పాడవుతుంది. గట్టు నుంచి గట్టు దాకా కొలిచి ఆపేస్తే, కంప్యూటర్ మోడల్ ఆ చివర్లలో ఆకాశందాకా గోడ ఉందనుకుంటుంది, నీళ్ళు పక్కకి పోకుండా పైకే లేస్తున్నట్టు చూపిస్తుంది, అసలు వరదలో పొలాల మీద పారే నీళ్ళు లెక్కలోకే రావు. రిపోర్టు చేతికొస్తే నేను ముందు చూసేది ఇదే, సెక్షన్లు ఎక్కడ ఆగాయి అని.

కొలిచాక మానింగ్ సమీకరణం. 1889లో ఐర్లండ్ ఇంజనీరు చెప్పింది, ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతుంది. వాగు అడ్డుకొలత (వెడల్పు, లోతు), వాలు, గరుకుదనం, ఈ మూడూ తెలిస్తే ఎంత మోస్తుందో వస్తుంది. ఒక లెక్క చూపిస్తాను, కాస్త ఓపిక పట్టండి. 30 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు నీళ్ళు, 2,500 మీటర్లకి ఒక మీటరు వాలు, శుభ్రంగా ఉన్న మట్టి కాలవ అనుకుందాం, గరుకుదనం అంకె 0.03. దాదాపు 3,900 క్యూసెక్కులు మోస్తుంది. అదే కాలవలో జమ్ము, తూటికాడ, గుర్రపుడెక్క పెరిగి గరుకుదనం 0.06 అయిందనుకోండి, వెడల్పు ఒక్క అడుగు తగ్గకపోయినా 1,950కి పడిపోతుంది. దాని మీద రెండు పక్కలా అయిదేసి మీటర్లు పూడ్చుకుని ఇళ్ళు కట్టారనుకోండి, 20 మీటర్లే మిగిలితే 1,230. వెడల్పులో మూడోవంతే పోయింది, కలుపు మామూలు కలుపే, కానీ మోసే శక్తి మూడోవంతుకి దిగిపోయింది. మిగతా నీళ్ళు ఎక్కడికి పోతాయి? మీ వీధిలోకి. అందుకే నేను వాగు సర్వేకి వెళ్ళేముందు రెవెన్యూ వాళ్ళ ఎఫ్ఎంబీలో (సర్వే నంబర్ల కొలతల పటాల పుస్తకంలో) ఆ వాగు పోరంబోకు వెడల్పు ఎంతుందో చూసుకుని వెళ్తాను, కాగితం మీద ఉన్న వాగుకీ నేల మీద ఉన్న వాగుకీ తేడా చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

తర్వాత బ్రిడ్జిలు, కల్వర్టులు, తూములు. ఒక్కోదానికీ ఎన్ని ఖానాలు, ఎంత వెడల్పు, స్లాబ్ అడుగు మట్టం ఎంత, అన్నీ కొలవాలి. నీళ్ళు స్లాబ్ అడుగుకి తగిలాయంటే ఆ తర్వాత వచ్చిన నీళ్ళన్నీ బ్రిడ్జి కిందనుంచి పోలేవు, వెనక్కి నిండటం మొదలెడతాయి. పైనుంచి కొట్టుకొచ్చిన కంపా, ప్లాస్టిక్, చెట్ల మొద్దులు ఒక ఖానా మూసేస్తే ఏమవుతుందో కూడా వేసి చూడాలి, మోడల్‌లో అన్ని ఖానాలూ శుభ్రంగా ఉన్నాయని వేస్తే అది వరద రోజు పరిస్థితి కాదు.

ఇదంతా ఎక్కువమంది హెక్ రాస్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేస్తారు. అమెరికా ఆర్మీ ఇంజనీర్లది, కాలిఫోర్నియాలో డేవిస్ అనే ఊళ్ళో తయారవుతుంది, ఉచితం, ఎవరైనా దించుకోవచ్చు. సివిల్ చదివే పిల్లలు ఇది చదువుతుంటే ఇవాళే దించుకోండి, మీ ఊరి వాగు మీద ప్రాక్టీస్ చేయండి, సినిమాలకి పోయే టైములో సగం పెట్టినా చాలు.

ఇప్పుడు పైన గుర్తుపెట్టుకోమన్న మాట. మన దగ్గరలా వాలు తక్కువున్న వాగుల్లో ఈ లెక్క కింది చివర నుంచి పైకి నడుస్తుంది, అంటే వాగు ఎక్కడ కలుస్తుందో అక్కడ నీటి మట్టం ఎంత అని ముందు చెప్పాలి. డైవర్షన్ కాలవకి కింది చివర కృష్ణ. కృష్ణే 11 లక్షల క్యూసెక్కులతో పొంగుతుంటే ఈ కాలవ నీళ్ళు అందులోకి ఎలా దూరతాయి, ఆగి వెనక్కి ఎగదన్నుతాయి, కాలవ మట్టం పెరిగి గట్టు మీద భారం పడుతుంది. బుడమేరు అసలు పాయకి కింది చివర కొల్లేరు, అది నిండి ఉంటే అటూ అంతే. కాబట్టి బుడమేరుకి ముంపు మ్యాప్ అంటే బుడమేరు వరద ఒక్కటే వేస్తే సరిపోదు, కృష్ణ తక్కువగా ఉన్నప్పుడు ఒకటి, నిండుగా ఉన్నప్పుడు ఒకటి, రెండూ కలిసొచ్చే అవకాశం ఎంతో చూసి మూడోది. రెండు వరదలు ఒకేసారి ఎందుకొస్తాయిలే అని వదిలేయడానికి లేదు, ఒకే తుపాను, ఒకే అల్పపీడనం రెండింటి మీదా కురుస్తుంది.

గట్టు విషయంలో కూడా ఇలాగే రెండు మ్యాపులు కావాలి, గట్టు నిలబడితే ఒకటి, తెగితే ఒకటి. అమెరికాలో ఫెమా అని వాళ్ళ విపత్తుల సంస్థ ఉంది, అది గట్టు వరద మట్టానికి పైన కనీసం 3 అడుగులు ఎత్తుండి, ఇంజనీరు సర్టిఫై చేస్తే తప్ప ఆ గట్టు వెనకున్న ఊరిని సేఫ్ అని మ్యాప్‌లో చూపించదు. మన దగ్గర గట్టు కనపడితే చాలు వెనకాల లేఅవుట్ వేసేస్తారు. సింగ్ నగర్‌లో మునిగినవాళ్ళలో చాలామంది వాగు ఎక్కడుందో కూడా సరిగ్గా తెలియని వీధుల్లో ఉన్నవాళ్ళు, నీళ్ళు పైన ఎక్కడో గండి నుంచి బయల్దేరి పల్లం వెతుక్కుంటూ వచ్చాయి. ఇలాంటి ఊళ్ళో సెక్షన్లతో చేసే పాత పద్ధతి చాలదు, నేలంతా చిన్న చిన్న గడులుగా విడగొట్టి ఒక్కో గడి నుంచి పక్క గడికి నీళ్ళు ఎటు పోతాయో చూసే టూడీ మోడల్ కావాలి. అందులో ఎత్తు చేసి వేసిన రోడ్డు, రైలు కట్ట, కాలవ గట్టు అన్నీ పడాలి, ఎందుకంటే వరదలో అవన్నీ ఆనకట్టల్లా పనిచేస్తాయి, ఒక పక్క కాపాడి ఇంకో పక్క ముంచుతాయి.

సరే, మోడల్ ఏదో మట్టం చెప్పింది. అది నిజమని ఎలా తెలుస్తుంది? ఇక్కడ మనుషుల దగ్గరికి పోవాలి.

కృష్ణా జిల్లాలో ఒక చిన్న వాగు పక్క ఊళ్ళో ఆనవాళ్ళ కోసం ఇల్లిల్లూ తిరిగాం. అడిగిన ప్రతివాళ్ళూ చెయ్యి పెట్టి చూపిస్తారు, ఒకాయన మోకాళ్ళంటాడు, పక్కింటాయన రొమ్ములోతంటాడు. ఒక మామ్మగారు మాత్రం నన్ను లోపలికి రమ్మన్నారు. "మామ్మగారూ, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చినాయండీ?" అంటే "ఇదిగో అమ్మాయ్, ఈ గూట్లో దీపం పెట్టుకుంటా, దీపం మునిగింది, పైనున్న పటం తడవలా" అన్నారు. గూటి అడుక్కీ పటం అంచుకీ మధ్య బెత్తెడు కూడా లేదు. సున్నం గోడ మీద ఆ మధ్యలోనే సన్నగా ఒండు గీత ఉంది, వేలితో రుద్దితే పొడి రాలింది. అక్కడ స్టాఫ్ ఆనించి, కల్వర్టు పిట్టగోడ మీద మేం పెట్టుకున్న బెంచ్ మార్క్ (ఎత్తు ముందే తెలిసిన గుర్తు) నుంచి లెవెల్ తెచ్చి, సముద్ర మట్టానికి ఎంతో తేల్చాం. వీధిలో గోడల మీద గీతలు దానికన్నా ఎత్తులో ఉన్నాయి, కారణం బయట నీళ్ళు పారుతూ గోడకి కొట్టుకుని ఎగుస్తాయి, లోపల నిలిచి ఉంటాయి. అందుకే ఇంట్లో గీతకే ఎక్కువ విలువ. మోడల్ చెప్పిన మట్టం ఆ గూటి గీతకి తక్కువొచ్చింది, గరుకుదనం అంకె కాస్త పెంచి, ఒక కల్వర్టులో ఒక ఖానా సగం పూడి ఉందని వేస్తే కలిసింది, వెళ్ళి చూస్తే నిజంగానే పూడి ఉంది. ఈ పనిలో నాకు అంత తృప్తి ఇంకెక్కడా దొరకలేదు.

పైనుంచి చూసే దారి కూడా ఉంది. రాడార్ ఉపగ్రహాలు మబ్బుల్లోంచి కూడా చూస్తాయి, నిలిచిన నీళ్ళు వాటికి నల్లగా కనపడతాయి. హైదరాబాద్ బాలానగర్‌లో ఉన్న ఇస్రో సంస్థ ఎన్ఆర్ఎస్‌సీ వరదల్లో ఇలాంటి మ్యాపులు ఇస్తుంటుంది, 1998 నుంచి 2022 దాకా దేశంలో ఎక్కడెక్కడ మునిగిందో అట్లాస్ కూడా 2023లో వేసింది. పొలాలకి ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఇరుకు వీధుల్లో ఇళ్ళ గోడల మధ్య రాడార్ తికమక పడుతుంది, పైగా ఉపగ్రహం ఆ ఊరి మీదకి వచ్చేసరికి వరద తీసేసి ఉండొచ్చు. కాబట్టి మామ్మగారి గూడు ఎప్పటికీ కావాల్సిందే.

ఇవన్నీ అయ్యాక గీత గీయడం తేలిక. నీటి మట్టంలోంచి నేల మట్టం తీసేస్తే లోతు. లోతుకి తోడు వేగం కూడా చూపించాలి, ఎందుకంటే రెండూ గుణిస్తే, మీటర్లు, సెకనుకి మీటర్ల లెక్కలో, 0.4 దాటితే పిల్లలకి ప్రమాదం, 0.6 దాటితే పెద్దవాళ్ళకీ ప్రమాదమే. మనుషుల్ని నిజంగా నీళ్ళలో నిలబెట్టి వేర్వేరు దేశాల్లో చేసిన ప్రయోగాలు కలిపి చూసి ఆస్ట్రేలియా వాళ్ళు తేల్చిన అంకెలు. మోకాలు లోతేగా అని బైక్ మీద కాజ్‌వే దాటబోయి కొట్టుకుపోయినవాళ్ళ వార్తలు ప్రతి వానాకాలం చదువుతాం, అక్కడ లోతు తక్కువే, వేగం చంపుతుంది.

మరి ఇంత చేసిన మ్యాప్ ఎవరికి ఉపయోగం? ముంపు నేలని ఇలా వాడాలి ఇలా వాడకూడదు అని కేంద్రం 1975లోనే రాష్ట్రాలకి నమూనా బిల్లు పంపింది. మణిపూర్, రాజస్థాన్, ఉత్తరాఖండ్, జమ్ముకశ్మీర్ లాంటి కొన్ని చోట్ల చట్టం చేశారు, మన రెండు రాష్ట్రాలూ ఆ వరసలో లేవు. 2008లో ఎన్‌డీఎంఏ (జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ) మార్గదర్శకాలు ఇంకా స్పష్టంగా చెప్పాయి, ఆసుపత్రులు, సబ్‌స్టేషన్లు, నీటి పంపులు హండ్రెడ్ ఇయర్ మట్టానికి పైన, ఇళ్ళూ ఆఫీసులూ పాతికేళ్ళ మట్టానికి పైన, మాటిమాటికీ మునిగే చోట పార్కులూ ఆటస్థలాలూ అని. ఎంత సూటిగా ఉందో చూడండి, కాదనడానికి ఏముంది ఇందులో? ఆ గీత నేల మీద లేకపోతే ఆ వాక్యం పుస్తకంలోనే ఉంటుంది, అంతే.

హైదరాబాద్ వాళ్ళకి ఒక మాట. ఎఫ్‌టీఎల్, బఫర్ అనేవి ఇప్పుడు అందరికీ నోటికొచ్చాయి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా నిలుస్తాయో ఆ గీత. నాలాకి రెండు మీటర్లో తొమ్మిది మీటర్లో బఫర్ అనేది దూరం లెక్క. వరద మట్టం గీత ఈ రెంటికీ వేరు, అది బఫర్ దాటి కాలనీలోకి పోవచ్చు, కొన్ని చోట్ల బఫర్ లోపలే ఆగొచ్చు. 1908 మూసీ వరద ఏ బఫర్ చూసుకుని రాలేదు, వేలమంది పోయారు, ఆ తర్వాతే విశ్వేశ్వరయ్య గారిని పిలిపించి లెక్కలు కట్టించి ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. కాబట్టి బఫర్ బయట ఉన్నాం అని బిల్డర్ చూపించే కాగితం వరద రాదని హామీ కాదు.

హ్యూస్టన్, డాలస్‌లలో ఉన్న మనవాళ్ళకి ఇల్లు కొనేటప్పుడు ఇదంతా తెలుసు, అడ్రస్ కొడితే ఫెమా మ్యాప్ వస్తుంది, గీత లోపల ఉంటే లోన్‌కి వరద బీమా తప్పనిసరి. అదీ పూర్తి రక్షణ కాదు, 2017 హార్వీ తుపానుకి మునిగిన ఇళ్ళలో చాలావరకు ఆ గీత బయటవే. గీత బయట అంటే రిస్క్ తక్కువ అని మాత్రమే అర్థం. అయినా మ్యాప్ అందరి చేతిలో ఉంది, తప్పుంటే ఇంకో సర్వే చూపించి సవాలు చేసే పద్ధతీ ఉంది. నేను మనకి కోరుకునేది అంతే, మీసేవలో ఈసీ తీసుకున్నట్టు సర్వే నంబర్ కొడితే వరద మట్టం ఇంత, నీ నేల మట్టం ఇంత అని వచ్చెయ్యాలి, రిజిస్ట్రేషన్ ముందే.

అది వచ్చేలోపు స్థలం కొనేవాళ్ళు చేయగలిగేది ఉంది. లైసెన్స్‌డ్ సర్వేయర్‌ని పిలిచి మీ స్థలం మట్టాన్ని, ఆ చుట్టుపక్కల 2024 వరద గీత మిగిలున్న ఏదైనా పాత ఇంటి గోడ మట్టాన్ని ఒకే బెంచ్ మార్క్ నుంచి కొలిపించండి, స్థలం ధరతో పోలిస్తే అదేం పెద్ద ఖర్చు కాదు. ఆ గీతకి స్థలం ఎంత కింద ఉందో తెలుస్తుంది. మట్టి తోలి మెరక చేస్తామన్నారంటే, అందరూ మెరక చేసుకుంటే ఆ నీళ్ళు ఇంకో నాలుగడుగులు లేస్తాయా, పక్కవాళ్ళ మీదకి పోతాయా అని కూడా అడగండి. దగ్గర్లో కల్వర్టు ఉంటే వానాకాలం ముందు ఒకసారి ఖానాల్లోకి తొంగి చూడండి.

ఇంకో సాయం కావాలి, ఇది నా కోసమే అనుకోండి. మీ ఇంట్లో, మీ వీధిలో 2024 గీతలు ఇంకా కనపడుతుంటే సున్నం వేయించే ముందు ఒక అంగుళం పొడుగు ఆయిల్ పెయింట్ గీత పెట్టి, పక్కన తేదీ రాయండి. ఇంటి లోపలి గోడైతే ఇంకా మంచిది. గుడి స్తంభం, బడి వరండా, కరెంటు స్తంభం, ఏదైనా పర్లేదు. బుడమేరు, మున్నేరు, పాలేరు, తమ్మిలేరు, ఎర్రకాలవ, ఏ వాగైనా సరే. ఫోటో తీసేటప్పుడు పక్కన టేపు పెట్టి నేల నుంచి ఎంత ఎత్తో కనపడేలా తీయండి, నీళ్ళు ఏ రోజు ఏ టైముకి ఆ ఎత్తుకి వచ్చాయో గుర్తుంటే అదీ రాసిపెట్టండి.